పెరిగే పిల్లకు టూటూ

నా రిసెప్షన్ లెహంగాను కత్తెరతో కోసింది నేనే. ఎవరి బలవంతమూ లేదు. ఆ రోజు నేనున్న ఊపులో కర్టెన్లు కూడా కోసేసేదాన్ని.

లాక్‌డౌన్ మళ్ళీ పెట్టిన శీతాకాలం అది. ఐర్లండ్‌లోని నేవన్‌లో మా అద్దె ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం: నేను, మా ఆయన, ఏడేళ్ళ మా అమ్మాయి, కొన్నాళ్ళు ఉండి పోదామని విజయవాడ నుంచి వచ్చి విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయిన మా అత్తయ్య. మా ఆయన పై గదిలో తలుపేసుకుని ఆఫీసు కాల్స్‌లో మునిగి ఉండేవారు. అన్నం వేళకు తప్ప కంటికి కనిపించేవారు కాదు.

అమ్మాయి బ్యాలే క్లాసు, హాలు మూతపడటంతో ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. ఇళ్ళల్లో పిల్లలు గంతులేస్తే టీవీలు పగులుతాయని కాబోలు, టీచరమ్మ సగం క్లాసు కథలతోనే నడిపించేది. అన్నీ టూటూ కథలే. టూటూ అంటే బ్యాలే ఆడేవాళ్ళు నడుము చుట్టూ వేసుకునే నెట్ గౌను, పళ్ళెంలా అడ్డంగా నిలబడి ఉంటుంది చూశారూ, అదీ. రాజుల కాలంలో ఆడవాళ్ళు నేల ఊడ్చే బరువైన గౌన్లతోనే ఆడేవారట. లోపల పాదం ఏం చేస్తోందో ఆ దేవుడికే తెలియాలి. ఇంత కష్టపడి నేర్చిన అడుగులు ఎవరికీ కనపడకపోతే ఎట్లా అని ఒకావిడ గౌనును చీలమండ పైకి కత్తిరించేసిందట. ఇంకేముంది, ఒకటే గగ్గోలు! ఆ తర్వాత పిక్కల దాకా గంటలా వేలాడే తెల్లటి పొరల గౌను వచ్చింది, దెయ్యాలూ దేవకన్యలూ ఆడే కథల కోసం. అదే పైపైకి పోయి పోయి చివరికి ఈ పళ్ళెం అయింది.

అత్తయ్యకు ఇంగ్లీషు రాదు, అమ్మాయికి తెలుగు అంతంతమాత్రం. ఉల్లిపాయలు తరుగుతూ ఇదంతా ఆవిడకు తెలుగులో నేనే చెప్పేదాన్ని. కాళ్ళు కనిపించే బట్టలు అన్నచోట, ఎందుకొచ్చిన గొడవ అని గొంతు తగ్గించాను. ఆవిడ చెవులు మామూలు చెవులా!

“ఎందుకమ్మాయ్ అంత గుసగుస? గజ్జె కట్టిన పాదం కనపడకపోతే ఇంక ఆడటం దేనికి? ఆవిడెవరో మంచి పనే చేసింది,” అన్నారు.

క్రిస్మస్ ముందు టౌన్‌హాల్లో జరగాల్సిన ప్రదర్శన కూడా ల్యాప్‌టాప్‌లోకే వచ్చేసింది. పిల్లలు ఒక్కొక్కరూ ఎవరింట్లోంచి వాళ్ళు ఆడి చూపించాలి. వాళ్ళు వేసుకోవాల్సిన టూటూలేమో మూసిన హాల్లో తాళం వెనక ఉండిపోయాయి. ఆ సంగతి తెలిసిన క్షణం మా అమ్మాయి సోఫా వెనక దూరి కూర్చుంది.

“ఐయామ్ నాట్ డూయింగ్ ఇట్,” అంది.

“ఎందుకే బంగారం?”

“టూటూ లేకపోతే ఇట్స్ ఓన్లీ జంపింగ్, అమ్మా. నేను డాన్స్ చేస్తున్నానని నో వన్ విల్ నో.”

స్నేహితులు దూరమయ్యారు. పుట్టినరోజు కేకు మేమే కోసుకుని మేమే తిన్నాం. దానికంటూ మిగిలింది ఈ డాన్సొక్కటే. అదీ వదిలేస్తే పిల్ల ఏమైపోతుందోనని నాకు నిజంగా భయమేసింది.

సూపర్‌మార్కెట్‌కు పరిగెత్తాను. బట్టల వరసకు అడ్డంగా టేపు కట్టేశారు. బట్టలు అత్యవసరం కాదట! టేపు అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో గులాబీ రంగు నెట్ గౌను వేలాడుతోంది. కాపలా అతను, పాపం మర్యాదగానే, “నాట్ ఎసెన్షల్, లవ్” అన్నాడు. ఇక్కడ ‘లవ్’ అంటే మన ‘అమ్మా’ లాంటి పిలుపే. పక్క వరసలో వైన్ సీసాలు మాత్రం ఎంతో అత్యవసరంగా మెరిసిపోతున్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి, మెట్ల కింద సూట్‌కేసులోంచి లెహంగా లాగి, తిరగేసి, లోపలి కాన్‌కాన్ కోసి పడేశాను. లెహంగా బొద్దుగా నిలబడటానికి కింద కుడతారే, ఆ గట్టి నెట్ పొరలు. తెల్లగా, పొరలు పొరలుగా, టూటూకని పుట్టినట్టే ఉంది.

అత్తయ్య చూసి, “అయ్యో అయ్యో, రిసెప్షన్ లెహంగానే!” అని గుండెల మీద చెయ్యేసుకున్నారు. అంతలోనే కళ్ళజోడు వెతుక్కుని సూదిలో దారం ఎక్కించేశారు.

ఉప్పు దగ్గర్నుంచి హీటర్ దాకా ఏ విషయంలోనూ మాకిద్దరికీ పొత్తు కుదిరింది లేదు. ఒక్క ఈ టూటూ కొలత దగ్గర మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాం. పెరిగే పిల్ల! కొలతకు సరిగ్గా ఎవరు కుడతారండీ? అందులోనూ నా లెహంగాను బలిచ్చి మరీ కుడుతున్నది, మూడేళ్ళయినా రావద్దూ? అంచుకు మడత మీద మడత పెట్టి, రేపు విప్పుకోవడానికి వీలుగా పలచగా కుట్లు వేశాం. నడుము ఇంకో పిల్ల పట్టేంత వదులు పెట్టి, బొందు బిగించి కట్టాం. మడతల మూలంగా అది ఇంకా గట్టిగా, అచ్చం పళ్ళెంలా నిలబడింది. అమ్మాయి వేసుకుని అద్దం ముందు ఒక్క చుట్టు తిరిగి, “గ్రాండ్!” అంది. అత్తా కోడళ్ళం ఒకరినొకరం చూసుకుని మురిసిపోయాం.

ప్రదర్శన రోజు ల్యాప్‌టాప్‌ను చెప్పుల స్టాండ్ మీద పెట్టాను. తెర నిండా చిన్న చిన్న గడుల్లో అందరి ఇళ్ళూ, తాతలూ, కుక్కలూ. మా వంతు వచ్చింది. ఒంటికి అతుక్కునే నల్ల డాన్సు డ్రెస్సు, తెల్ల మేజోళ్ళు, వాటి మీద మా టూటూ. అమ్మాయి మునివేళ్ళ మీద లేచి మొదటి చుట్టు తిరిగింది.

టప్పున ఒక మడత విడిపోయింది. దాని వెంట మిగతావన్నీ టపటపా ఊడిపోయాయి. పళ్ళెం కాస్తా జారి పిక్కల దాకా గంటలా వేలాడింది.

“ఓహ్, నౌ ఇట్స్ ద ఓల్డ్ వన్!” అంది టీచరమ్మ, చప్పట్లు కొట్టి. మా పిల్ల కళ్ళు మెరిశాయి. వెంటనే కథలో దెయ్యంపిల్లలా చేతులు గాల్లో తేల్చుతూ రెండో చుట్టు తిరిగింది. ఈసారి బొందు వదులైంది. టూటూ చీలమండల మీదికి జారి, నేల మీద కుప్పగా కూలింది. ఊడ్చే గౌన్ల కాలం దాకా వెనక్కి పోయామన్నమాట!

నా వేలు కెమెరా ఆపే బటన్ మీదికి పోయింది. అటు అత్తయ్య, పుస్తెలతాడుకు తగిలించుకున్న పిన్నీసులు పీకుతూ, మోకాళ్ళ మీద పాకుతూ గడిలోకి వచ్చేశారు. ఈలోగా పిల్ల ఆ కుప్పలోంచి నాజూగ్గా ఒక కాలు, తర్వాత ఇంకో కాలు బయట పెట్టి, టూటూను పక్కకు ఒక్క తన్ను తన్నింది. అది ఎగిరి వెళ్ళి అత్తయ్య నెత్తిన పడింది.

నెట్ పొరల లోపలి నుంచి కేక వినిపించింది. “ఆపకమ్మాయ్! చూడు, పిల్ల ఆడుతోంది!”

నిజమే, ఆడుతోంది. ఎంత బాగా ఆడుతోందో! నేను వేలు వెనక్కి తీసుకున్నాను. చివరి గంతు దాకా ఆడి, వంగి నమస్కారం పెట్టి, రొప్పుతూ నా వైపు తిరిగింది. గడుల్లో అందరూ చేతులూపుతున్నారు.

“అమ్మా, డిడ్ దే నో? నేను డాన్స్ చేశానని?”

“ఏమంటోంది?” అన్నారు అత్తయ్య, నెట్‌ను మేలిముసుగులా పైకెత్తి. చెప్పాను. ఆవిడ అక్కడే కూర్చుని, పిల్ల పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకున్నారు.

“మీ అమ్మా నేనూ ఇంత గుడ్డ చుట్టి దాచేశాం గానీ, ఇవి కదే ఆడింది! ఇప్పుడు కనపడ్డాయి అందరికీ!”

ఆ మాట అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పబోయాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకర్థమైంది,” అంది.