దావీదును పంపించిన సారు

డ్రిల్లు సారు చనిపోయారని నాకు కిష్టయ్య చెప్పాడు. ఆ మంగళవారం పొద్దున నాగలి కర్రు కొట్టించుకుందామని చేవెళ్లలో అతని కొలిమి దగ్గరికి పోయాను. మొయినాబాద్ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు అప్పుడే చెప్పి పోయాడట. కిష్టయ్య నా ముఖం చూడకుండా తిత్తి ఊదుతూ అన్నాడు.

"మీ సారు పోయిండట. నిన్న, పట్నం దవాఖానల. జరం దిగనే లేదట."

నేను కర్రు కింద పెట్టాను. అతనే మళ్లీ అన్నాడు.

"మంచిగ తప్పిచ్చుకున్నడు. దోయం దర్జల ఆడేది మనం చూడాలె. ఆయన చూడకుంట పోయిండు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నేనూ లోపల దాదాపు అదే అనుకున్నాను. ఆయన బతికి ఉండగానే ఆయనతో మాట మానేసినవాణ్ని. అందుకని ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను తగినవాణ్నో కాదో తెలియదు. మొయినాబాద్ మిషన్ బడివాళ్లు రాయమన్నారు. నేను ఆ బడిలో చదివినవాణ్ని, ఆయన చేతి కింద ఆడినవాణ్ని. రాయనని చెప్పడం నాకు చేతకాలేదు.

తెలియనివారి కోసం ఒక మాట. పట్నంలో ఫుట్‌బాల్ జట్లను రెండు దర్జాలుగా విడదీసి ఆడిస్తారు. పైది అవ్వల్, కిందిది దోయం. ప్రతి ఏడూ అవ్వల్‌లో అందరికన్నా వెనుకబడిన జట్టు దోయంకు దిగిపోవాలి. మా చేవెళ్ల, మొయినాబాద్‌ల ఉమ్మడి క్లబ్బు ఆరేళ్లుగా అవ్వల్ దర్జాలో ఆడుతున్నది. అక్కడ పల్లెటూరి జట్టు మాది ఒక్కటే. ఈ ఏడు అందరికన్నా కింద ఉన్నాం. ఇంకా ఒక్క ఆట మిగిలింది. అది మేము గెలవాలి, మా పైన ఉన్న జట్టు తన ఆట ఓడిపోవాలి. ఈ రెండూ జరుగుతాయని మా ఊళ్లో ఎవరూ నమ్మడం లేదు.

ఆ క్లబ్బును పెట్టింది సారే. బక్కపలచని మనిషి. ఎండలోనూ వానలోనూ గొడుగు చంకలోనే ఉండేది, విప్పడం తక్కువ. మాది చెప్పులు లేని జట్టు. అందుకని ఆట ఉన్న రోజు మొయినాబాద్‌లో బస్సు ఎక్కేముందు పదకొండు మందినీ బడి అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కాలిగోళ్లు చూసేవారు. పెరిగిన గోరు కనబడితే తన చేతి కత్తెరతో తీసేవారు. పెళ్లయి పిల్లలున్నవాళ్లు సిగ్గుతో కాళ్లు ముడుచుకునేవారు.

"మనం ఓడితే ఓడుదాం. మన గోరు గీసుకొని వాడు కుంటుకుంట ఇంటికి పోవద్దు," అనేవారు.

శుక్రవారం సెలవు. పొద్దు పొడవకముందే చేవెళ్ల నుంచి రెండు బండ్లు కట్టుకొని మొయినాబాద్ చేరేవాళ్లం. అక్కడి నుంచి బస్సు. యుద్ధం మొదలయ్యాక బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. ఎత్తు వస్తే మేమే దిగి నెట్టాలి. ఆటగాళ్లను మాత్రం సారు దిగనిచ్చేవారు కాదు. చూడవచ్చినవాళ్లు నెట్టాలి, ఆడేవాళ్లు కూర్చోవాలి. గ్రౌండుకు చేరేసరికి మా చేతులకు, ముఖాలకు మసి. పట్నంవాళ్లు మమ్మల్ని చూసి "జొన్నరొట్టెలు వచ్చినయి" అని నవ్వేవారు.

"జొన్నరొట్టె తిన్న కాళ్లు బిడ్డా, జర పక్కకు జరుగు, తగుల్తయి!" అని కిష్టయ్య గీత అవతలి నుంచే అరిచేవాడు. ఆట తెలిసి అరిచేవాడో, అరవడానికే వచ్చేవాడో చెప్పలేను. ఆరేళ్లలో ఒక్క ఆట తప్పలేదు. కూతురు పెండ్లి కూడా శుక్రవారం కాకుండా చూసుకున్నాడు.

సారు మాత్రం అరిచేవారు కాదు. మా మీద గోలు పడితే అద్దాలు తీసి తుడుచుకునేవారు. అంతే. మూడేళ్ల కింద ఒక ఆటలో బంతి గీత దాటి బయటికి పోయి, మళ్లీ మావాడి కాలికి తగిలి గోలులో పడింది. రిఫరీ చూడలేదు, గోలు ఇచ్చాడు. సారు లోపలికి నడిచిపోయి, బంతి బయటికి పోయిందని చెప్పి వచ్చారు. ఆ ఆట ఓడిపోయాం. తిరుగు బస్సులో కిష్టయ్య ఊరుకోలేదు.

"అంతమందిల నీ కండ్లకే కనబడ్డదా సారూ?"

"కనబడ్డది కిష్టయ్యా. కనబడకపోతే బాగుండు అని నేను గూడ అనుకున్న."

కిష్టయ్య కూడా నవ్వాడు. ఆ మనిషి మాకు అట్లా తెలుసు. అందుకే ఆ తర్వాత జరిగింది మాకు మింగుడుపడలేదు.

మా క్లబ్బుకు ఇద్దరు సెక్రెటరీలు. మొయినాబాద్ వైపు సారు, చేవెళ్ల వైపు నేను. పట్నానికి పోయే ఏ కాగితం మీదైనా ఇద్దరి సంతకాలూ ఉండాలి. రెండు ఊళ్లూ ఒకరినొకరు నమ్మాలని సారే పెట్టిన పద్ధతి అది. కానీ వారం నడుమ చేవెళ్ల నుంచి మొయినాబాద్ నడిచి పోవాలంటే సగం పొద్దు పడుతుంది. బస్సు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అందుకని ఏటా ఆటలు మొదలయ్యే ముందు నేను పది పదిహేను తెల్లకాగితాల కింద సంతకాలు పెట్టి సారుకు ఇచ్చేవాణ్ని. ఆటగాళ్ల పేర్లు రాయడానికి, తేదీ మార్చమని అడగడానికి ఆయన వాడుకునేవారు. ఆరేళ్లు అట్లాగే నడిచింది. మిగిలిన కాగితాలు ఆటలు అయిపోయాక లెక్కగా చూపించి, నా ముందే చింపేవారు. ఇప్పుడు ఎవరికి చెప్పినా నన్నే తెలివితక్కువవాణ్ని అంటారు. నిజమే. కానీ ఆయనకు తెల్లకాగితం ఇవ్వడానికి మా ఊళ్లో ఎవరూ వెనుకాడేవారు కాదు.

ఈ ఏడు ఆటలు సగం కాకముందే మా గోలు కాసే దావీదు రావడం మానేశాడు. చిల్కూరు పిల్లవాడు, సారు చిన్నప్పటి నుంచి తయారుచేసినవాడు. వాళ్ల అవ్వకు, అంటే తల్లికి, బాగాలేదని సారు చెప్పారు. మేము నమ్మాం. రెండు వారాల తర్వాత పట్నంలో ఒక కార్ఖానా జట్టుతో ఆట. వాళ్లు వరుసగా గ్రౌండులోకి వచ్చారు. ఆఖరున గోలు వైపు నడుస్తున్నవాణ్ని కిష్టయ్య ముందుగా గుర్తుపట్టాడు.

"అగో, గాడు మన దావీదు గాదు? వాళ్ల బనీను తొడుక్కున్నడేంది?"

ఆ రోజు మూడు గోలుల తేడాతో ఓడిపోయాం. మావాళ్లు కొట్టిన బంతులన్నీ దావీదు ఆపాడు. మావాళ్లు బంతి ఎటు కొడతారో వాడికి తెలియనిదా? మా మనుషులు గీత పొడుగునా నిలబడి వాణ్ని నోటికొచ్చినట్లు తిట్టారు. వాడు తల ఎత్తలేదు. సారు ఆ రోజు గ్రౌండుకు రాలేదు.

ఆట అయ్యాక కిష్టయ్య బల్ల దగ్గర కూర్చున్న లీగు గుమాస్తా మీదికి పోయాడు. ఆటల నడుమ ఆటగాడు జట్టు మారాలంటే పాత జట్టు ఒప్పుకోలు చీటీ కావాలి, ఎవడిచ్చాడు అని అడిగాడు. గుమాస్తా కట్టలోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. కిష్టయ్యకు చదువు రాదు. తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సదువు."

దావీదును కార్ఖానా జట్టుకు వదిలిపెడుతున్నామని సారు దస్తూరీతో రెండు వరుసలు ఉన్నాయి. చదివాను.

"కింద ఎవల సంతకం?"

"సారుది."

"పక్కపొంటి ఇంకోటి ఉన్నది గదా, అదెవలది?"

మా వాళ్లు పదిమందీ నా చుట్టూ ఉన్నారు. "నాది," అన్నాను.

ఆ మరునాడే మొయినాబాద్ పోయాను. సారు అరుగు మీద బంతికి తోలుతాడు బిగిస్తున్నారు. నన్ను చూసి లేవలేదు.

"రా తమ్మీ. వస్తవని తెలుసు."

"నన్ను అడుగుతే ఏమాయె సారూ?"

"అడిగితే నువ్వు ఒద్దంటవు. అందుకే అడగలె."

ఇంత సూటిగా చెబుతారని నేను అనుకోలేదు. కార్ఖానావాళ్లకు గోలు కాసేవాడు కావాలి. ఆడితేనే నౌకరి, ఆడకపోతే నౌకరి లేదు. దావీదు తండ్రి లేనివాడు, ఇంట్లో ఏడుగురు. ఆటలు అయిపోయేదాకా ఆగమంటే వాళ్లు ఇంకొకరిని చూసుకుంటామన్నారు. ఇదంతా ఆయన పాఠం చెప్పినట్లు చెప్పారు.

"మన క్లబ్బు మునుగుతది సారూ."

"మునుగుతది."

"నా చేతితోని ముంచినరు."

ఆయన బంతి పక్కన పెట్టారు. "తప్పే చేసిన తమ్మీ. మాఫ్ చెయ్యమని అడుగ. మళ్ల గీ అవసరమే వస్తే మళ్ల గిదే చేస్త. అసుంటప్పుడు మాఫీ అడుగుడు కూడ అబద్దమే అయితది."

ఆయన భార్య చెంబుతో మజ్జిగ తెచ్చింది. నేను తాగకుండా లేచి వచ్చాను. మిగిలిన తెల్లకాగితాలు అడిగి తీసుకున్నాను. అవి ఇచ్చేటప్పుడు ఆయన చేతులు వణికాయని రాస్తే బాగుంటుందేమో. వణకలేదు. అదే మా ఆఖరి మాట.

చేవెళ్లలో ఉన్నది ఉన్నట్లు చెప్పాను. తెల్లకాగితం మీద తీసుకున్న సంతకమని తెలిశాక మావాళ్లు నన్ను విడిచి సారు మీద పడ్డారు. ఆయన పేరు ఎత్తితే చాలు, ఉమ్మివేసేవారు ఉన్నారు. అయితే కిష్టయ్య ఒక దారి కనుక్కొని వచ్చాడు. ఆ సంతకం నేను తెలిసి పెట్టింది కాదని లీగుకు రాసిస్తే చీటీ చెల్లదు. దావీదు ఆడిన ఆట మాకు గెలుపు కింద వస్తుంది. మేము అవ్వల్‌లోనే ఉంటాం. ఆట జరిగిన నాలుగు వారాల్లోపు రాయాలి. అబద్ధం కూడా రాయనక్కరలేదు. జరిగింది రాస్తే చాలు.

"రాస్తవు గదా?" అని అడిగాడు.

"రాస్త," అన్నాను.

రెండుసార్లు మొదలుపెట్టాను. చీటీ చెల్లకపోతే దావీదు ఆడడానికి వీలుండదు. ఆడని దావీదుకు కార్ఖానాలో పని ఉండదు. సారు మోసగాడని పట్నం కాగితాలలో ఎక్కుతుంది. ఇవన్నీ తెలుసు. అయినా నేను మానుకోలేదు, వాయిదా వేశాను అంతే. మోసపోయినవాడు జరిగింది చెప్పకుండా ఎందుకు ఊరుకోవాలి అని రోజూ అనుకునేవాణ్ని. ఇంతలో సారుకు జ్వరమన్నారు. చూడడానికి పోలేదు. గడువు ఇంక మూడు రోజులు ఉందనగా ఆయన పోయారు.

"నడువు, పోదాం," అన్నాడు కిష్టయ్య ఆ మంగళవారం, నిప్పులు ఆర్పుతూ. "కొట్లాట ఏరు, మట్టి ఏసుడు ఏరు."

బస్సు దొరికింది. మొయినాబాద్‌లో సమాధుల తోట నిండా జనం. మావాళ్లు మాత్రం మేమిద్దరమే. పాస్టరుగారు ప్రార్థన చేశారు. బడి పిల్లలు పాడారు. పెట్టెను దించినవాళ్లలో దావీదు ఒకడు. నేను పిడికెడు మట్టి వేసి వెనక్కు జరిగాను. దావీదు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి చేతుల మట్టి నా చేతులకు అంటింది.

"అన్నా, ఆ నాడు మనోళ్లందరు నన్ను తిట్టిన్రు. నువ్వొక్కనివే ఒక్క మాట అనలె."

వాడు ఆ బనీనులో కనబడగానే నాకు నా తెల్లకాగితాలే గుర్తుకొచ్చాయి, అందుకే మాట్లాడలేదు.

"సారు అంత చెప్పిండన్నా," అన్నాడు. "నేను భయపడుతుంటే, నీకేం ఫికర్ లేదురా, చేవెళ్ల అన్ననే ముందుపడి సంతకం పెట్టిండు అన్నడు. మా అవ్వ నిన్ను తల్సుకోని దినం లేదు."

అంటే సారు నా సంతకం తీసుకోవడంతో ఆగలేదు. నా మంచితనం కూడా తనే తయారుచేసి వాడికి ఇచ్చారు. మట్టి ఇంకా పూర్తిగా కప్పలేదు. నాకు ఆయన మీద అంత కోపం అంతకుముందు ఎన్నడూ రాలేదు.

"అవ్వకు ఎట్లున్నది?" అని అడిగాను. బాగున్నదని వాడు చెప్పాడు.

కిష్టయ్య పక్కనే ఉండి అంతా విన్నాడు. బస్సు ఆగే చోటికి వచ్చాక అన్నాడు.

"వానికి చెప్పింది అబద్దం. నీకు చేసింది మోసం. చచ్చిపోతే మోసం మోసం కాకుంట పోతదా? రేపు పొద్దుగాల రాయి. నేనే పట్టుకపోయి ఇచ్చొస్త."

"ఆ సంతకం నాదే కిష్టయ్యా."

"నీదే. తెల్వక పెట్టినవు."

"ఎవలడిగినా నాదే అని చెప్త. తెలిసే పెట్టిన అని చెప్త."

అతను చాలాసేపు నన్ను చూశాడు. ఆరేళ్లు గొంతు చించుకున్న మనిషి, మెల్లగా అన్నాడు.

"మనల ముంచెటోడు సారు ఒక్కడే అనుకున్న."

ఆ గురువారంతో గడువు దాటిపోయింది. ఇప్పుడు ఎవరు రాసినా చీటీ చెల్లుతుంది. అందుకే జరిగింది ఇక్కడ చెబుతున్నాను. దావీదు ఇది చదివితే చదవనీ. నేను సారును క్షమించానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నాకు చదువు, ఆట, నలుగురిలో నిలబడడం నేర్పిన మనిషి ఆయన. నన్ను అడగకుండా నన్ను వాడుకున్న మనిషీ ఆయనే. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని ఇంకొకటి చెరపడం లేదు.

ఆ మంగళవారం సాయంత్రం బస్సు వచ్చింది. నేను ఎక్కాను. కిష్టయ్య ఎక్కలేదు. బొగ్గు అంటుకొని బస్సు కదలడానికి చాలాసేపు పట్టింది, ఊరు దాటాక చూస్తే, అతను అప్పటికే చేవెళ్ల బాట పట్టి నడుస్తున్నాడు. వాన నీళ్లు నిలిచిన చోట ధోతి ఎత్తి పట్టుకొని ఒడ్డు వెంట పోతున్నాడు. డ్రైవరు అతన్ని ఎరుగును. పక్కకు తీసి, నెమ్మది చేసి, రెండుసార్లు హారన్ కొట్టాడు. కిష్టయ్య తల తిప్పకుండానే, పొమ్మని చేయి ఊపి, నడుస్తూనే ఉన్నాడు.