చిల్లు పడని బోర్డు

మా పెదనాన్నకు అనుమానం రాని రోజు ఒంట్లో బాగుండదు. హోటల్ గదికి తాళం వేసి మెట్లు దిగుతాడు, మళ్లీ ఎక్కి తాళం లాగి చూస్తాడు. కొలత టేపును కూడా నమ్మడు, దాన్ని ఇంకో టేపుతో కొలుస్తాడు. గుండ్రటి బోర్డు మీదికి గురిచూసి చిన్న బాణాలు విసిరే డార్ట్స్ ఆట టూరులో బోర్డులు బిగించేది ఆయనే. దేశం మారినా పని మారదు. బోర్డు ఎత్తు సరిచూడాలి, ఆటగాడు దాటకూడని గీత అతికించాలి, అరిగిన బోర్డు తీసి కొత్తది పెట్టాలి. నేను అదే టూరులో స్కోరు రాస్తాను. నా కూడికల మీదా ఆయనకు ఒక కన్ను ఉంటుంది. ఒళ్లు మండుతుంది గానీ ఏం చేస్తాం, పెదనాన్న.

ఆయన అల్లుడు, అంటే మా బావ, ఆ టూరులో ఆటగాడు. గురి తప్పనివాడని పేరు. అలాంటివాడు ఈ సీజన్‌లో ఏ దేశం వెళ్లినా మొదటి రౌండులోనే పెట్టె సర్దుకుంటున్నాడు. ఇక మిగిలింది ఒక్క టోర్నమెంటే. అందులోనూ ఓడితే వచ్చే ఏడాది టూరులో చోటు ఉండదు. ఇంటి దగ్గర అక్క కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది.

"పందేలవాళ్లకి అమ్ముడుపోయాడు," అన్నాడు పెదనాన్న, టిఫిన్ బల్ల దగ్గర గొంతు తగ్గించి.

"బావా? ఊరుకో పెదనాన్నా."

"రోజూ ప్రాక్టీసు గదిలోకెళ్లి గడియ పెట్టుకుంటాడు. నిన్న అక్కడ కొత్త బోర్డు బిగించా. గంటసేపు ఆడానన్నాడు. తర్వాత వెళ్లి తడిమి చూశా, ఒక్క చిల్లు లేదు. మరి లోపల ఏం చేస్తున్నట్టు? ఎవరితో మాట్లాడుతున్నట్టు?"

డార్ట్ పీకగానే బోర్డు నార మూసుకుపోతుంది. అయినా ఆడిన బోర్డు చేతికి గరుగ్గా తగులుతుంది. అది నాకూ తెలుసు. అన్నాళ్లూ ఆయన అనుమానాలకు నవ్విన నాకు ఆ పూట అదే జబ్బు అంటుకుంది. బావ అరచేతులు ఎందుకలా తుడుచుకుంటున్నాడు? మ్యాచ్‌లో విసరబోయి ఆగడం నాటకమేనా? ఎవరితోనూ కలవడేం?

పెదనాన్న అప్పటికే టోర్నమెంట్ అధికారితో, "మధ్యాహ్నం ప్రాక్టీసు గది దగ్గరికి రండి, ఒక సంగతి చెప్పాలి" అన్నాడట. పేరు బయటపెట్టలేదు. పెడితే బావ మళ్లీ జన్మలో ఆడలేడు. ముందు కళ్లారా చూడాలని, సాక్ష్యానికి నన్ను లాక్కెళ్లాడు. గడియ మరలు ముందే వదులు చేసి ఉంచాడు మహానుభావుడు. తోయగానే తలుపు తెరుచుకుంది.

బావ గీత దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోన్ దూరంగా కుర్చీ మీద ఉంది. చెయ్యెత్తి విసిరాడు, డార్ట్ వేళ్లలోనే ఉండిపోయింది. మళ్లీ విసిరాడు, మళ్లీ అంతే. చివరికి ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు విడదీశాడు. డార్ట్ కాళ్ల దగ్గర పడింది. అప్పుడు మమ్మల్ని చూశాడు.

ఆటగాళ్లు ఈ జబ్బు పేరెత్తరు. వచ్చినవాడి పక్కన భోజనానికి కూడా కూర్చోరు, తమకు అంటుకుంటుందని భయం. గురి ఉంటుంది, చెయ్యి బాగానే ఉంటుంది, వేళ్లు మాత్రం వదలవు. నాకు ఏడుపొచ్చింది.

"ఎప్పట్నించి?" అన్నాడు పెదనాన్న.

"సీజన్ మొదట్నించీ, మామయ్యా."

"అమ్ముడుపోయావనుకున్నా."

బావ వంగి కింద పడ్డ డార్ట్ తీశాడు. "మీ అమ్మాయికి అలాగే చెప్పండి. ఇది మాత్రం చెప్పకండి."

అంతలో అక్కే ఫోన్ చేసింది. పెదనాన్న ఎవరితో మాట్లాడినా స్పీకరులోనే, ఎదుటివాళ్లు రేపు మాట మారిస్తే సాక్షి ఉండాలిగా.

"నాన్నా, ఆయన ఎలా ఆడుతున్నారు?"

"బాగానే ఆడుతున్నాడమ్మా. బంగారంలాంటి మనిషి. నువ్వేం దిగులుపడకు."



"నువ్వు ఒకర్ని మెచ్చుకోగా పుట్టి బుద్ధెరిగి నేను వినలేదు నాన్నా. ఆయనకేమైంది?"

పెదనాన్న ఫోన్ బావ చేతిలో పెట్టాడు. నా భుజం పట్టుకుని బయటికి నడిపించి తలుపు దగ్గరగా వేశాడు. అధికారి ఎదురొచ్చాడు.

"ఏదో సంగతి చెప్తానన్నారు?"

"ఈ గది గడియ వదులైందండీ. మార్పించాలి."

అధికారి విసుక్కుంటూ వెళ్లిపోయాడు. లోపల బావ గొంతు మొదలైంది. తలుపులకు చెవి ఆనించడమే పనిగా బతికిన మా పెదనాన్న, ఆ మాటలు వినబడనంత దూరం జరిగి, ఎవరూ అటు రాకుండా దారికి అడ్డంగా నిలబడ్డాడు.