తొక్కకూడని రెండక్షరాలు

2023 వేసవి. స్లౌ అనే ఊరి నుంచి తెలుగువాళ్లను కోచ్ బస్సులో స్కాట్లండ్ తిప్పే టూర్ మేనేజర్‌ని నేను. పేరు గొప్పే గానీ, పనంతా తలలు లెక్కపెట్టడం, కంఫర్ట్ స్టాప్‌లు చూసుకోవడం. కంఫర్ట్ స్టాప్ అంటే బాత్రూముల కోసం బండి ఆపడం. మనవాళ్లు పులిహోర డబ్బాలు విప్పేదీ అక్కడే.

ఆ ట్రిప్పుకి పక్క ఊరు హేస్ నుంచి వరలక్ష్మి ఆంటీ ఒక్కరే వచ్చారు. భర్త పోయి ఏడాదయింది. సెయింట్ ఆండ్రూస్‌లో అందరూ కూలిపోయిన కేథడ్రల్ చర్చి గోడల మధ్య, సముద్రం ఒడ్డున కోట దగ్గర ఫొటోలు దిగుతుంటే ఆవిడ నా వెనకే తిరిగారు.

"కోటలూ అవీ తర్వాత చూద్దాంలే బాబూ. ఇక్కడ రోడ్డు మీద రెండక్షరాలుంటాయంట గదా, అవి చూపించు."

నాకు హుషారొచ్చింది. నా టూర్లో బాగా పేలే జోకు అదే. యూనివర్సిటీ చాపెల్ ముందు నేల మీద రాళ్లతో పి, హెచ్ అని పేర్చి ఉంటుంది. వాటిని తొక్కిన స్టూడెంట్ డిగ్రీ తప్పుతాడని ఆ ఊళ్లో నమ్మకం.

"తొక్కకండి ఆంటీ, ఫెయిలైపోతారు!" అన్నాను అలవాటుగా, ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్లి.

ఆవిడ నవ్వలేదు. "మీ అంకుల్ తొక్కేశారు బాబూ. ఇక్కడే చదివారు. మధ్యలో వాళ్ల నాన్నగారు పోయి ఇంటి బరువు మీద పడితే, చదువు మానేసి ఎయిర్‌పోర్ట్ కార్గోలో చేరిపోయారు. ఎవరడిగినా, అక్షరాలు తొక్కాను, డిగ్రీ పోయింది అని నవ్వేసేవారు. ఒక్కసారి తీసుకెళ్లండి అంటే మాత్రం, ఆ ఊరు మళ్లీ చూడలేనన్నారు. ఆయన చదువు మింగిన రాళ్లేవో చూసి, నాలుగు తిట్టి పోదామనొచ్చాను. ఇంతకీ ఈ అక్షరాలెవరివి?"

చెప్పాను. అయిదొందల ఏళ్ల కిందట ఒక కుర్రాణ్ణి, మతం విషయంలో తను నమ్మినదాన్ని వదలనన్నందుకు ఇక్కడే కాల్చి చంపారు. అవి అతని పేరుకీ ఇంటిపేరుకీ మొదటి అక్షరాలు.

"కాల్చేశారా? ఎంత వయసు?"

"పాతికేళ్లు కూడా లేవండి."

 ఆంటీ చెప్పులు విడిచి, మోకాళ్ల నొప్పితోనే వంగి, ఆ రాళ్లను తాకి వేళ్లు కళ్లకద్దుకున్నారు. పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే మనం చేసేదే.

"ఆయన తెలియక తొక్కారు నాయనా, ఏమీ అనుకోకు," అన్నారు ఆ రాళ్లతోనే.

తిట్టడానికొచ్చిన మనిషి ఆవిడ. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత, అంకుల్ చదువుకునే రోజుల్లో నడిచిన వీధంతా మెల్లగా నడుస్తానని ఆవిడంటే, డ్రైవర్ గొణుగుతున్నా కోచ్‌ని ఆపించాను. ఆ సాయంత్రం, ఆ సముద్రపు గాలి ఇప్పటికీ తలపుకొస్తుంటాయి.

జోకు మానలేదు. కానీ ఇప్పుడు ముందు ఆ కుర్రాడి సంగతి చెబుతాను, తర్వాతే డిగ్రీ మాట. అది విన్నాక, చదువులెప్పుడో అయిపోయినవాళ్లు కూడా ఆ అక్షరాలు తగలకుండా పక్కనుంచి నడుస్తారు.