నూకాలమ్మకు పడనిదేమిటి?

2022 ఆగస్టు. నరసన్నపేటలో ఒక ముక్కు, చెవి, గొంతు డాక్టరు గారి క్లినిక్‌లో నేను నర్సును. అప్పటికి నా సర్వీసు ముప్పై నాలుగేళ్ల అయిదు నెలలు. ఆ నెల వానలు విడవలేదు. మా వెయిటింగ్ హాల్లో మూడు బెంచీలూ తుమ్మేవాళ్లతోనే నిండిపోయేవి. వాళ్లలో ఒకామె నూకాలమ్మ. వయసు యాభై రెండు. సముద్రపొడ్డు ఊరి నుంచి పచ్చిచేపలు గంపకెత్తుకుని వచ్చి మా బజారులో అమ్ముతుంది. తోడుగా కోడలు గౌరి వచ్చింది.

ఏడాదిగా ఆమెకు తెల్లవారితే తుమ్ములు, ముక్కు దిబ్బడ, నుదుటి మీద బరువు. దీన్ని అలర్జిక్ రైనైటిస్ అంటాం. ఒంటికి పడనిదేదో ముక్కులోకి వెళ్లి లోపలి పొర వాచిపోతుంది. ఆ వాపుతో ముఖం ఎముకల్లో ఉండే గాలి గదులు, అంటే సైనస్‌లు మూసుకుపోతే తలబరువు మొదలవుతుంది. మందు వేసుకున్నన్నాళ్లు తగ్గేది, ఆపగానే తిరగబెట్టేది.

"సేపల వాసనే పడనేదని మా ఊరంతా తేల్చీసినారు సిస్టరమ్మా," అంది నూకాలమ్మ. "నా కొడుకు గంప అటకెక్కించీమంటన్నాడు. ఇన్నేళ్లూ నన్ను సాకినవి ఈ సేపలే కదా. ఇంట్లో కూకుంటే నాకు పిచ్చెక్కీదా?"

"పదిహేను రోజులు మానీసింది గదా, తగ్గిందేటి? తగ్గనేదు. మళ్లీ గంపెత్తింది," అంది గౌరి.

"కొత్తవలసలో నా కూతురింటికెల్తే నాలుగు రోజులు ఒక్క తుమ్ము నేదు. ఇంటికి రాగానే మొదలు. మరి నాకు పడనిదెవులో మీరే సెప్పండి." నూకాలమ్మ చూపు కోడలి మీదికి పోయింది.

"నేనేటి, దుమ్మునా అత్తా?" అంది గౌరి. బెంచీల మీద వాళ్లందరూ నవ్వారు.

డాక్టరు గారు స్కిన్ ప్రిక్ టెస్ట్ చేద్దామన్నారు. ముంజేతి మీద ఒక్కో పదార్థం చుక్క వేసి, సూదిమొనతో పైపైన గుచ్చుతాం. పావుగంటలో ఎక్కడ దద్దురు లేస్తే ఆ పదార్థం మీద అనుమానం. ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి. వారం తర్వాత నూకాలమ్మ బజారు ముగించుకుని గంపతోనే, గౌరిని వెంటబెట్టుకుని వచ్చింది. చేప చుక్క దగ్గర చర్మం మామూలుగానే ఉండిపోయింది. బూజు చుక్క దగ్గర మాత్రం శనగగింజంత దద్దురు.

"చేపలు కావమ్మా, బూజు. ఇంట్లో చెమ్మ ఎక్కడుందో చూసుకోవాలి," అన్నారు డాక్టరు గారు.

గౌరికి రోషం వచ్చింది. "మా ఇల్లు కట్టి రెండేళ్లే అయినాది. గోడకి సెమ్మ నేదు. పరుపు నేదు, సాప మీదే పడుకుంటాది. తలగడీ ఏసుకోదు, మెడ నొప్పంటాది." వంటగది, స్నానాలగది, బియ్యం డబ్బా, అన్నీ అడిగాను. ఎక్కడా బూజు లేదు. కారణం తేలకపోతే కొడుకు మాటే నెగ్గుతుంది, గంప అటకెక్కుతుంది. నూకాలమ్మ ముఖం చిన్నబోయింది.

వాన పెరిగింది. బస్సుకు ఇంకా సమయం ఉంది. నూకాలమ్మ ఖాళీ గంపను తలుపు పక్కన పెట్టి, బెంచీ మీద ఒత్తిగిలి పడుకుంది. అప్పుడు పదకొండుంబావు. వచ్చినప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా తుమ్మలేదు. పదకొండున్నర కాకముందే ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. వెళ్లి చూశాను.

"నూకాలమ్మా, తలకింద ఏమిటది?"

"సుట్టకుదురు. గంప కింద నెత్తి మీద ఎట్టుకునేది. ఇది నేకపోతే నాకు నిద్దర్రాదు."

"ఇంట్లో కూడా దీని మీదే పడుకుంటావా?"

"రోజూ."

"వ్యాపారం మానేసిన పదిహేను రోజులూ?"

"గంప మానీసినాను గాని నిద్దర మానీనేదు గదా."

"కూతురింటికి తీసుకెళ్లావా?"

ఏమీ తెలియని దాన్ని చూసినట్టు నన్ను చూసింది. "అల్లుడింటికి సేపల సుట్టకుదురు అట్టుకెల్తారేటమ్మా? నా కూతురు పరువేటి గావాల?"

డాక్టరు గారిని పిలిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని, పాత పేపరు మీద దాన్ని విప్పాను. పైన చుట్టిన చీర పేలిక శుభ్రంగానే ఉంది. లోపల గడ్డి. రోజూ గంపలోంచి కారే ఐసు నీళ్లకు తడిసి, ఆరక, ఆకుపచ్చా నలుపూ కలిసిన నూగుతో మెత్తబడి ఉంది.

గౌరి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. "సూడు అత్తా. ఏడాదినించి నా పేరెట్టుకుని నీ తలకింద పడుకున్నది ఇదే."

నూకాలమ్మ తలుపు పక్కనున్న గంప వైపు చూసింది. తర్వాత, "అయితే గంప ఉండొచ్చా?" అని అడిగింది.

ఉండొచ్చన్నారు డాక్టరు గారు. చుట్టకుదురుగా ఉతికి ఎండేసిన తువ్వాలు వాడాలి, గంప అడుగున ప్లాస్టిక్ షీటు వేయాలి, నెత్తి మీదిది తలకింద పెట్టకూడదు. ముక్కులో కొట్టుకునే స్ప్రే ఒక నెల రాసిచ్చారు. ఆ నెల గడిచి, మందు లేకుండా ఇంకో నెల కూడా తుమ్ములు లేకుండా వెళ్లాకే కారణం అదేనని మేము నమ్మాం.

నవంబరులో బజారు దారిన పోతూ క్లినిక్ గుమ్మం దగ్గర గంప దింపింది. నెత్తి మీద పసుపు తువ్వాలు.

"సేపలు పడతన్నాయి సిస్టరమ్మా. ఇల్లూ పడతన్నాది."

"మరి గౌరి?"

"అదీ పడతాది. నానన్నానని దానికి సెప్పకండి."

అంతవరకు నేను రోగులను బాధ ఎప్పుడు ఎక్కువని మాత్రమే అడిగేదాన్ని. నూకాలమ్మ జవాబు ఆమె హాయిగా ఉన్న ఆ నాలుగు రోజుల్లో ఉంది. మొదటి రోజే చెప్పింది కూడా, మేము నవ్వి ఊరుకున్నాం. ఆ తర్వాత ఉద్యోగం విడిచేదాకా, తుమ్ములతో వచ్చిన ప్రతివాళ్లనూ అడిగాను: "ఏ ఊరు వెళ్తే నీకు బాగుంటుంది? వెళ్లేటప్పుడు ఇంట్లో ఏం వదిలి వెళ్తావు?"