బాపు ఎందుకు పడ్డడు

జమున కళ్ళ గురించి ఎవరైనా మాటెత్తితే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే మనిషి. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేదాకా ఆమె వేళ్ళు ఎక్కడా ఆగవు. పక్కింటావిడతో ముచ్చట పెడుతూనే, టీవీలో సీరియల్ అత్తను తిడుతూనే చుట్టేస్తుంది. "దారం కడుతున్న కండ్లకు రోగమేంది?" అనేది. మెట్‌పల్లి చుట్టుపక్కల బీడీలు చుట్టే ఆడవాళ్ళందరిదీ ఇదే లెక్క. దారం కట్టగలిగితే కళ్ళున్నట్టు, కట్టలేకపోతే పోయినట్టు. ఆ దారం కట్టేది కళ్ళు కాదు, చిన్ననాటి నుంచి అలవాటుపడ్డ వేళ్ళు అని వాళ్ళకు ఎవరు చెప్పాలి? చెప్పినా వినే రకం కాదు జమున.

వినకపోవడానికి కారణం ఉంది. ఆమె ఎవరి మాటా వినే తీరిక లేకుండా పెరిగింది. తండ్రి బుచ్చిరాములు తాళ్ళెక్కే మనిషి. ఊరవతల తాటివనంలో ఆయన గీసే చెట్ల కల్లు కోసం పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చేవారు. జమున ఓణీ వేసుకునే వయసులో ఒక పొద్దున ఆయన చెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము పోయింది, ఆ తర్వాత కొంతకాలానికి కళ్ళూ పోయాయి. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళను అడుగుల చప్పుడుతో పోల్చుకుంటూ ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. అప్పుడు ఇల్లు గడిచింది జమున చుట్టిన బీడీలతోనే. తమ్ముడు పరశురాములుకు అన్నం తినిపించిందీ, బడికి తోలిందీ, బడి ఎగ్గొట్టినప్పుడు వీపు పగలగొట్టిందీ ఆమే. వాడు పెద్దవాడై చెట్టెక్కేందుకు తండ్రి వాడిన మోకుతాడు భుజాన వేసుకుని అవే చెట్లు ఎక్కడం మొదలుపెట్టిన రోజు, ఆమె వనం దాకా వెంట పోయి, చెట్టు మొదట్లో పసుపు కుంకుమ పెట్టి, వాడు దిగేదాకా మెడ ఎత్తుకుని నిలబడింది.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కల్లుగీసే గౌండ్ల ఇంట్లో మనిషికి ఏమైనా లోకం అట్లాగే చెట్టు మీదికి తోస్తుంది. బుచ్చిరాములు కళ్ళు ఎందుకు పోయాయంటే, "చెట్టు మీదికెళ్లి పడ్డడు గద" అని ఊరు ఊరంతా చెప్పింది. ఇంట్లో వాళ్ళూ అదే చెప్పుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు. అసలు ఇంకో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచలేదు, అంతే.

ఇప్పుడు జమునకు యాభై దాటింది. మార్కెట్ యార్డులో బస్తాలు మోసి మోసి మూలన పడ్డ పెనిమిటి రాయమల్లుకు ఇంత వండిపెట్టి, మళ్ళీ చాట ముందేసుకుంటుంది. ఈ మధ్య ఆమెకు కొత్త తిట్టు ఒకటి అలవాటైంది. పక్కన ఉన్న చెంబు కాలికి తగిలి దొర్లితే, బకెట్టు తట్టుకుని నీళ్ళు ఒలికితే, "నడిదోవల ఎవలు వెట్టిండ్రే గిది!" అని ఇల్లంతా వినబడేలా అరిచేది. పెట్టింది చాలాసార్లు తానే. గుర్తుచేస్తే ఆ తిట్టు గుర్తుచేసిన వాళ్ళకు తగిలేది.

ఒకరోజు బీడీ కట్టలు కార్ఖానాలో ఇచ్చి రోడ్డు దాటుతుంటే ఎడమ పక్క నుంచి వచ్చిన మోటార్ సైకిల్ ఆమెను పడేసింది. మోచెయ్యి చీరుకుపోయింది. "హారన్ కొడుతనే ఉన్న, గంత పెద్ద బండి కనవడలేదా అవ్వా?" అని బండివాడు లబలబలాడాడు. మెట్‌పల్లిలోనే కాపురముంటున్న కూతురు నవత ఆ మాట పట్టుకుంది.

"అవ్వా, కరీంనగర్ పోదాం. కండ్లు మొత్తం చూపిద్దాం."

"కండ్ల క్యాంపుల చూసిండ్రు గదనే. అద్దాలిచ్చిండ్రు గద."

"క్యాంపుల అక్షరాలు చదివిచ్చిండ్రు. గిది మొత్తం పరీక్ష. పొద్దుందాక వడ్తది."

"పొద్దుందాక చూసుటానికి నా కండ్లేమన్న సినిమానా?" అంది జమున. అన్నా పోయింది. మోచెయ్యి నొప్పి కాదు ఆమెను కదిలించింది. ఆ బండి నిజంగానే కనపడలేదు. అది మాత్రం కూతురికి చెప్పలేదు.

కరీంనగర్ దవాఖానలో మొదట ఒక అమ్మాయి కూర్చోబెట్టి యక్షప్రశ్నలు వేసింది. షుగరుందా, బీపీ ఉందా, తలనొప్పి వస్తదా, ఏమేం మందులు మింగుతావు. చివర్లో, "మీ ఇంట్ల ఎవలకన్న కండ్ల జబ్బు ఉండెనా అమ్మా? చూపు పోయినోళ్లు ఉన్నరా?" అంది.

"లేరు బిడ్డా," అంది జమున. క్యాంపులో అడిగినప్పుడూ ఇదే చెప్పింది, అద్దాల దుకాణంలో అడిగినప్పుడూ ఇదే చెప్పింది. జబ్బుతో పోయినవాళ్ళు ఎవరున్నారు గనక?

అక్షరాల పలక ముందు ఆమె రెచ్చిపోయింది. ఐదో తరగతి చదువు అక్కరకొచ్చింది. ఒక కన్ను మూసి కింది వరస దాకా, రెండో కన్ను మూసి మళ్ళీ కింది వరస దాకా చదివేసి, ఎట్లుంది అన్నట్టు నవత వైపు చూసింది. నవతకు నవ్వొచ్చింది. అమ్మకు ఏమీ లేదేమోనన్న ఆశ కూడా వచ్చింది. ఆ తర్వాత ఇనుప కళ్ళద్దాల చట్రం ముక్కు మీద పెట్టి, అద్దాలు మారుస్తూ "గిది మంచిగుందా, గిది మంచిగుందా" అని అడిగారు. అదీ బాగానే జరిగింది. కంట్లో చుక్కలేసి మొద్దుబార్చి, నీలం దీపం కంటి గుడ్డుకు ఆనించి ఒత్తిడి కొలిచిన అబ్బాయి మాత్రం ఒకసారి కొలిచి, మళ్ళీ కొలిచాడు.

తర్వాత ఒక చీకటి గదిలోకి తీసుకుపోయారు. తెల్లటి గిన్నెలాంటి పెద్ద మిషను. అందులో గడ్డం ఆనించి, ఒక కంటికి గంత కట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు.

"నడుమ పసుపు లైటునే చూడాలె అమ్మా. పక్కల పొంటి సన్న సన్న లైట్లు వస్తయి. కనవడ్డప్పుడల్లా బటన్ ఒత్తు. కన్ను అటిటు తిప్పకు."

జమున పసుపు లైటునే చూసింది. మధ్యలో ఒకటి మెరిసింది, ఒత్తింది. ఇంకోటి మెరిసింది, ఒత్తింది. తర్వాత ఏమీ రాలేదు. చూసింది, చూసింది. మిషను లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది గానీ వెలుగు మాత్రం లేదు. ఎంతసేపని చూస్తుంది పాపం.

"లైట్లు వస్తలేవు బిడ్డా. మిషన్ గిట్ల బంద్ అయిందా ఏంది?"

ఆ అమ్మాయి చాలా మెల్లగా అంది. "వస్తున్నయమ్మా. నువ్వు చూస్తనే ఉండు."

జీవితంలో మొదటిసారి జమునకు తన కళ్ళంటే భయమేసింది. వస్తున్నాయట. తనకు కనపడని వెలుగులు తన చుట్టూ వస్తూనే ఉన్నాయట.

కంటిపాప పెద్దది కావడానికి ఇంకేవో చుక్కలేసి, కళ్ళు మూయించి బెంచీ మీద కూర్చోబెట్టారు. లోకమంతా మసకబారాక డాక్టరమ్మ పిలిచి, కళ్ళు చెదిరే వెలుగుతో లోపలంతా వెతికి వెతికి చూసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"అమ్మా, దీన్ని నీటికాసులు అంటరు. కంట్ల ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతది. నడుమ చూపు ఆఖరికి పోతది, అందుకే అక్షరాలన్నీ చదివినవ్. పక్కల చూపు ఎప్పుడో పోయింది. గొట్టం పెట్టుకుని చూసినట్టు నడుమ జరంత మిగిలింది."

"ఆపరేషన్ చేస్తే వస్తదా మేడం?" నవత అడిగింది.

"పోయింది రాదు. మిగిలిందాన్ని కాపాడాలె. చుక్కల మందు రోజూ, బతికినన్ని రోజులు వెయ్యాలె. ముందే వస్తే ఇంత దూరం రాకపోవు." డాక్టరమ్మ అడిగింది. "ఇది ఎక్కువగా ఇంటి రక్తంల వస్తది. మీ అమ్మనాన్నలకు ఎవరికీ లేదా?"

"లేదు. మా బాపుకు కండ్లు పోయినయి గని, అది రోగం గాదు మేడం. తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు."

"పడకముందు మంచిగనే కనిపించేదా?"

అది ఎవరూ అడగని ప్రశ్న. జమున నోరు తెరిచింది, ఔనని చెబుదామనే తెరిచింది. కానీ చిన్ననాటి ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. బాపు పొద్దున్నే మోకు తీసుకుని బయల్దేరేవాడు. గడప పక్కన తల్లి పెట్టిన చెంబు ఆయన కాలికి తగిలి దొర్లేది. దూడ గుంజకు మోకాలు కొట్టుకునేవాడు. ఎడమ పక్క నుంచి తమ్ముడు పరుగెత్తుకొస్తే వాడి మీద పడేవాడు. అప్పుడు ఆయన అరిచే అరుపు ఇప్పుడు చెవిలో వినపడింది. "నడిదోవల ఎవలు వెట్టిండ్రే గిది!" చెట్టు మీంచి పడటం ఆ తర్వాతి ముచ్చట.

పడి కళ్ళు పోలేదు. కళ్ళు పోయి పడ్డాడు.

ఇన్నేళ్ళూ ఊరంతా కలిసి పాపం ఒక చెట్టు మీద తోసింది. తాను క్యాంపుల్లో, దుకాణాల్లో నిండు నిజాయితీతో "లేరు బిడ్డా" అంటూ వచ్చింది. "మా బాపుకు పోయినయి" అని ఒక్క ముక్క అని ఉంటే ఎవరో ఒకరు ఒత్తిడి కొలిచేవారు. ఆ ఒక్క ముక్క ఆమె నోటిదాకా రాకపోవడానికి చెట్టు అడ్డం నిలబడింది.

"తోడబుట్టినోళ్లు ఉన్నరా?" డాక్టరమ్మ అడుగుతోంది. "వాళ్ళూ, నీ బిడ్డా, అందరు చూపించుకోవాలె."

"తమ్ముడున్నడు," అంది జమున. "తాళ్ళెక్కుతడు." అనేశాక, తానేమందో తనకే అర్థమై కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నం బస్సులో నవత మేనమామకు ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తడు. చెట్టెక్కే మనిషి ఫోనును బండి డిక్కీలో పెట్టి పోతాడు. జగిత్యాల దాటింది, కోరుట్ల దాటింది, బస్సుకేమో తొందరే లేదు. జమున కొంగు ముఖం మీద కప్పుకుని కూర్చుంది. చుక్కలేసిన కళ్ళకు కిటికీ వెలుతురు సూదుల్లా గుచ్చుతోంది. తన కళ్ళ సంగతి అప్పటికే మరిచిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే తెలివి తనకు, కానీ తమ్ముడి చేతులు ఇంకా కాలలేదు కదా అని ఒక్క ఆశ. దేవుడా, ఇవాళ ఒక్కపూట వాణ్ణి చెట్టెక్కనియ్యకు.

ఆటో దిగి ఇంటికి పోకుండా తిన్నగా వనానికి నడిచింది, కూతురి భుజం పట్టుకుని. పొద్దు ఇంకా దిగలేదు. బండి అక్కడే ఉంది. పరశురాములు చెట్టు మీదున్నాడు. జమున తలెత్తి చూసింది. ఆకాశం తెల్లగా మండుతోంది తప్ప మట్టలూ లేవు, మనిషీ లేడు.

"తమ్మీ! దిగురా! చెట్టు దిగు!"

"ఏమైందక్కా?" పై నుంచి గొంతు వచ్చింది. "బావకు ఏమన్న అయిందా?"

"ఎవలకేం గాలే. నువ్వు జర పైలంగ దిగు."

మోకు చెట్టును రాసుకుంటున్న చప్పుడు కిందికి కిందికి వచ్చింది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి కూడా ఆగింది. చివరికి వాడి పాదాలు నేలను తాకాయి. జమున వాడి చెయ్యి పట్టుకుని, డాక్టరమ్మ చెప్పిందంతా గడగడా చెప్పింది. బాపు సంగతి చెప్పింది. గొట్టం సంగతి చెప్పింది. "రేపే పోదాం కరీంనగర్. అంతదాక చెట్టెక్కనని మాటియ్యి."

పరశురాములు నవ్వాడు. వాడి నవ్వు తండ్రి నవ్వే. "ఫికర్ జెయ్యకక్కా. నా కండ్లకేమైంది? చెట్టు మీదికెళ్లి మెట్‌పల్లి రోడ్డు మీద పోయే బస్సు కనవడ్తది. బస్సు మీది రాతలు గుడ చదువుత."

"నేను గుడ చదివిన్రా! కింది వరస దాక చదివిన!"

"సరే తియ్యి, పోదాం. గీ కల్లు రోజులు అయిపోనియ్యి. ఇప్పుడు గీత ఆపితే చెట్టు పాడైతది." అక్క ముఖం చూసి జాలిపడ్డాడు కాబోలు, గొంతు తగ్గించాడు. "నువ్వు పరేషాన్ గాకు. కూసో, తియ్యటి కల్లు పోస్త. పొద్దట్నుంచి ఏం తిన్నవో ఏమో."

దిగగానే తన చేత్తో తానే చెట్టు మొదట్లో పెట్టుకున్న కల్లు లొట్టి ఉంది. దానికోసం గిరుక్కున పక్కకు తిరిగాడు. జమునకు ఏమీ కనపడలేదు. మట్టికుండ పగిలిన చప్పుడు వినపడింది, చల్లటి కల్లు పారి వచ్చి ఆమె పాదాలను తడిపింది.

"నడిదోవల ఎవలు వెట్టిండ్రే గిది!" అని పరశురాములు నవత మీద అరిచాడు.