పెనుకొండ రాతిమీద పోసిన నీళ్ళు

పెనుకొండ కోటను కాలినడకన తిప్పి చూపిస్తామన్న ప్రకటన పేపర్లో చూసి ముందుగానే టికెట్టు తీసుకున్నాను. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నేను ఆ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు పోయినా ఒక్కసారీ దిగలేదు.

గుంతకల్లులో తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కాను. ఎదురుగా బత్తలపల్లె రైతు కూర్చున్నాడు. నా ప్రయాణం సంగతి విని నవ్వాడు. "కోట చూడను దుడ్లిచ్చి పోతాండావా సామీ? మా ఊరికి రా, ఎండిపోయిన బోర్లు ఊరికే చూపిస్తా."

పది దాటాక పెనుకొండలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది. మంచినీళ్ళు మాత్రం అడిగితే గానీ ఇవ్వలేదు, అదీ అర గ్లాసు.

బెంగళూరు నుంచి రావలసిన యాత్రికుల బస్సు ఆలస్యమైంది. నడక మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గైడు టోపీ పెట్టుకున్న యువకుడు, మాటకారి. కోట వాకిలి దాటాక ఇళ్ళ మధ్య ఉన్న ఒక శాసనం ముందు ఆగాడు. నిట్టనిలువు ఎండలో అక్షరం ఒక్కటీ కనబడలేదు.

రాతి పక్కన, మూతపెట్టిన నిండు బిందె ఒకటి ఉంది. ట్యాంకరు వచ్చిన రోజు ఆడవాళ్ళు ఒక బిందె ఇంట్లో దించివచ్చేదాకా రెండోది దారిలో పెట్టిపోతారు. దాన్ని ఎవరూ ముట్టరు. మా వైపు ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. గైడు మూత తీసి, సగం నీళ్ళు రాతిమీద కుమ్మరించాడు. అక్షరాలు తేలాయి. కెమెరాలు టకటకలాడాయి.

ఎవరి నీళ్ళవి అని నేను గద్దించేలోపే ఆ బిందె మనిషి వచ్చింది. పేరు రామక్క. కోడలు ప్రసవించి వారమైంది, ట్యాంకరు మళ్ళీ వచ్చేది మూడు రోజులకు. ఆమె అరవలేదు.

"ఏమప్పా, రాయికి దప్పికైందా?"

గైడు నవ్వేసి, అందరి చేతుల్లోని సీసాలు లాక్కుని, తాగగా మిగిలిన నీళ్ళన్నీ బిందెలో పోశాడు. రామక్క వద్దు వద్దంటున్నా వినలేదు.

"అందరి ఎంగిలీ దీంట్లోకే పోస్తివే," అంది రామక్క. "మిగిలిన సగం గూడా బాలింతకు ఇయ్యలేను గదప్పా."

అతను జేబులోంచి నోటు తీశాడు.

"ఈ కాగితం ఉడకేసి తాపమంటావా?"

కోటలోని పాత రాజభవనం గగనమహల్‌కు టైమవుతోందని అతను ముందుకు కదిలాడు. ఈమెకు మంచినీళ్ళు వచ్చేదాకా నేను కదలనని గట్టిగా చెప్పాను. ఉద్యోగంలో ఉండగా ఎన్నడూ అంత గొంతెత్తలేదు. అందరూ తలలు వంచుకుని అతని వెంటే పోయారు. ధర్మవరం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ మాత్రం నిలబడింది.

రామక్క ఆ నీళ్ళను మేకల తొట్టిలో పోసింది. ఖాళీ బిందె తీసుకుని, ముగ్గురం ఆటోలో ఊరి బయట ఒక రైతు బోరు దగ్గరికి వెళ్ళాం. కరెంటు మూడింటికి వస్తుందని, అందాకా కూర్చోమని ఆ రైతు వేపచెట్టు నీడ చూపించాడు. కరెంటు వచ్చాక బిందె తోమి, నింపుకుని తిరిగివచ్చాం.

రామక్క దోసిట్లో కొంచెం పోసుకుని రుచి చూసింది. బిందె చంకనెత్తుకుంది.

"ఇంగ పోండి సామీ, మీ బండి పోతాది," అంటూ ఇంట్లోకి పోయింది.

వెనక్కి తిరిగితే శాసనం కనిపించింది. ఎండ వాలి పక్కనుంచి పడుతోంది. పొడి రాతిమీద ప్రతి అక్షరమూ నీడతో సహా లేచి నిలబడింది. బస్సు ఆలస్యమైనప్పుడు ఈ రాయిని చివరికి పెట్టుకుని ఉంటే సరిపోయేది. ఆ మాత్రం ఆలోచన చేయలేదు ఊరు చూపించేవాడు.

గగనమహల్ నేను చూడలేదు. మీరు వెళితే తప్పక చూడండి. శాసనం దగ్గరికి మాత్రం సాయంత్రం వెళ్ళండి. దారిలో బిందె మూతమీద చెయ్యి వేసే గైడు తగిలితే, కట్టిన డబ్బు పోయినా సరే, అతని వెంట నడవకండి.

తిరుగు రైలు అనంతపురం దాటింది. కిటికీలోంచి చల్లగాలి వచ్చింది. నా కోపం చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.