ఎండలో దొరకని జబ్బు

నేను రిటైర్ కావడానికి ముందటి డిసెంబరులో హఫీజ్‌పేట్‌లోని ఒక కార్ల వర్క్‌షాప్‌లో వర్క్స్ మేనేజర్‌గా ఉన్నాను. రిపేరు సరిగ్గా జరిగిందని ఆఖరి సంతకం పెట్టేవాడు వర్క్స్ మేనేజర్. కస్టమర్ చెప్పింది విని జాబ్‌కార్డు రాసేవాడు సర్వీస్ అడ్వైజర్. అందరి మీదా జనరల్ మేనేజర్. ఆ నెలలో వాళ్లిద్దరి మీదా వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

యాదగిరి అనే డ్రైవర్‌కు సొంత డీజిల్ కారు ఉండేది. మూసాపేట నుంచి హైటెక్ సిటీకి మొదటి షిఫ్టు ఉద్యోగులను చేరవేసే రూటు అతనిది. చలి మొదలయ్యాక బండి పొద్దున్నే ఎంతకీ స్టార్టయ్యేది కాదు. పికప్‌లు ఆలస్యమవుతుంటే రూటు తీసేస్తామని ట్రావెల్స్ వాళ్లు హెచ్చరించారు. రెండుసార్లు మా దగ్గర బండి పెట్టి, మూడోసారి అడ్వైజర్‌ను కాదని నేరుగా నా గదికే వచ్చాడు.

"పొద్దుగాల్నే పరేషాన్ చేస్తుంది సార్, పగలు మంచిగనే ఉంటది. నా రూటు పోతది, జర చూడుండ్రి" అన్నాడు.

పాత జాబ్‌కార్డులు తెప్పించాను. రెండుసార్లూ బండిని రాత్రంతా ఉంచుకుని, మర్నాడు "లోపం కనిపించలేదు" అని రాసి పంపారు. రాసింది భీమవరం వైపు నుంచి వచ్చిన ప్రసాద్ అనే అడ్వైజర్. గ్లో ప్లగ్గులు చూశారా అని అడిగాను. "ఇదేమన్నా సిమ్లానా అండీ? మన హైదరాబాదులో వాటితో పనేముందండీ?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనాన్ని నిప్పురవ్వ అంటిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో రవ్వ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండాలి. ఇంజన్ చల్లగా ఉంటే ఆ వేడి చాలదు. అప్పుడు ప్రతి సిలిండర్‌లోనూ ఉండే గ్లో ప్లగ్గు కరెంటుతో ఎర్రగా కాలి సాయపడుతుంది. ఇంజన్ ఒకసారి వేడెక్కిందంటే ప్లగ్గులు చచ్చిపోయి ఉన్నా బండి ఇట్టే స్టార్టవుతుంది. అందుకే ఈ ఫిర్యాదును చల్లారిన ఇంజన్ మీదే చూడాలి. మరి రాత్రంతా మా దగ్గరే ఉన్న బండిలో అది ఎందుకు కనిపించలేదు?

బండిని ఆ రాత్రికి ఉంచుకుని, మర్నాడు మెకానిక్‌ల కంటే ముందే వెళ్లాను. గేటు దగ్గరే జవాబు దొరికింది. కస్టమర్లు వచ్చేసరికి బండ్లన్నీ కడిగి, ముఖాలు రోడ్డువైపు పెట్టి వరసగా నిలబెట్టాలన్నది జనరల్ మేనేజర్ పెట్టిన రూలు. దానికి ఆయన "ఫ్రంట్ లుక్" అని పేరు పెట్టుకున్నాడు. యార్డు డ్రైవర్లు ప్రతి బండినీ స్టార్ట్ చేసి కడగడానికి తిప్పుతున్నారు. యాదగిరి కారు నా కళ్లముందే తెల్లపొగ కక్కి, దగ్గి, చివరికి వేడెక్కి, బుద్ధిగా వరసలోకి వెళ్లింది. ఆ తర్వాత మెకానిక్ వచ్చి తాళం తిప్పితే స్టార్టవక ఏం చేస్తుంది? జబ్బు బయటపడే ఆ కాసేపటినీ రోజూ మేమే పాడుచేసుకుంటున్నాం.

ప్రసాద్ రాగానే అందరి ముందే అడిగాను, "చల్లగున్న బండిని ఒక్కసారన్నా స్టార్ట్ చేసి చూసినావా నువ్వు?" జనరల్ మేనేజర్‌కు చెబితే, ఒక్క క్యాబ్ కోసం సిస్టమ్ మార్చలేమన్నాడు. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

నేనే దగ్గరుండి పని చేయించాను. ప్లగ్గుల వైర్లు విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ ల్యాంపు ద్వారా ఒక్కోదాన్నీ తాకించాం. ల్యాంపు వెలిగితే ప్లగ్గు బతికి ఉన్నట్టు. నాలుగింట్లో ఒక్కదానికే వెలిగింది. కరెంటు పంపే రిలే బాగానే ఉందని కూడా చూసుకున్నాం, లేకపోతే కొత్త ప్లగ్గులు వేసినా ఉత్తదే. పట్టేసిన ప్లగ్గును బలవంతంగా తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది, ఇంజన్ హెడ్డే విప్పాల్సి వస్తుంది. అందుకని ఇంజన్ వేడిగా ఉండగా, తుప్పు వదిలే నూనె పోసి, కొంచెం విప్పుతూ కొంచెం బిగిస్తూ తీయించాను. కొత్తవి ముందు చేత్తో తిప్పి, తర్వాత బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంత మేరకే బిగించాం. సాయంత్రం తాళం నా జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

పొద్దున ఆ బండి ఒక్కటే కడగకుండా, దుమ్ముతో, వెనక్కి తిరిగి ఉంది. జనరల్ మేనేజర్ చిందులు తొక్కాడు. నేను పట్టించుకోలేదు. యాదగిరిని పిలిచి తాళం ఇచ్చాను. డ్యాష్‌బోర్డు మీద ప్లగ్గుల గుర్తు ఆరేదాకా ఆగి తిప్పాడు. బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది, పొగ జాడ లేదు.

అతను ఇంజన్ ఆపేశాడు. బండి మాటిమాటికీ మా దగ్గరే ఉండిపోతే రూటు నడపడానికి తనకు వేరే బండి దొరకలేదని, నిన్ననే రూటు ఇంకొకరికి ఇచ్చేశారని చెప్పాడు. "ఇగ ఇప్పుడు స్టార్టయితే ఏంది సార్?" అన్నాడు.

ఆ రోజు నుంచి చలి ఫిర్యాదుతో వచ్చిన ప్రతి బండి స్టీరింగుకూ "కదపరాదు" అని ఎర్ర ట్యాగు కట్టించాను. ఫ్రంట్ లుక్ పాడవుతోందని నా మీద పైకి ఫిర్యాదు వెళ్లింది. నేను ట్యాగు తీయించలేదు. లోపం కనిపించలేదని రాసేవాడు అది కనిపించే వేళకు బండి దగ్గర ఉండి ఉండాలి. లేనివాడు "నేను చూడలేదు" అని రాయాలి.